పదిమందీ ఉన్నారు, పామూ ఉంది

పదిమందిలో పాము చావదని సామెత. ఆ సామెత పుట్టిన కాలంలో వర్క్‌షాపులు లేవు కాబట్టి అది అంత చిన్నగా ఉండిపోయింది. ఇప్పుడైతే కాస్త పొడిగించుకోవాలి. పదిమందిలో పాము చావదు, పైగా పాము మీద పదిహేడు స్లైడ్ల ప్రెజెంటేషన్ తయారవుతుంది, పాముకి ఒక లోగో వస్తుంది, ఏడాది తిరిగేసరికి పాము భవిష్యత్తు మీద ఒక విజన్ డాక్యుమెంట్ వెలువడుతుంది. కర్ర మాత్రం ఎవరూ తేరు. కర్ర ఎక్కడుందో తెలిసిన మనిషిని ఆ గదిలోకి పిలవరు కదా.

పోయినేడాది నన్ను ఒక ఇన్నోవేషన్ వర్క్‌షాప్‌కి పిలిచారు. ఏ సంస్థ అని అడగకండి, చెప్పను. మీ సంస్థే అనుకోండి, పెద్ద తేడా రాదు. గది బయట బ్యానర్ మీద ఇలా ఉంది: "వేర్వేరు తెలివితేటలు కలిసిన చోట కొత్త ఆలోచన పుడుతుంది." ఈ మాట నిజం. నా ఏడుపంతా అదే. అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాణ్ణి.

లోపల పద్నాలుగు మందిమి. పద్నాలుగు మందివీ ఒకే రకం చదువులు, ఒకే రకం లాప్‌టాప్ బ్యాగులు, ఒకే రకం నవ్వులు. ఎవరైనా ఒక వాక్యం మొదలుపెట్టి మధ్యలో ఆపితే మిగతా పదమూడు మందీ దాన్ని పొల్లు పోకుండా పూర్తి చేయగలరు. వైవిధ్యం కోసమని కాబోలు, ఇద్దరికి కళ్లద్దాలు లేవు.

తేల్చాల్సిన సమస్య ఒక్కటే. జనం నింపి ఇచ్చే దరఖాస్తుల్లో చాలావాటిని మెషిన్ తిప్పికొడుతోంది. ఎందుకు? ఇదే ప్రశ్న. దీని కోసం ఒక రోజంతా, ఒక హాలు, చర్చ నడిపించడానికి ఒక ఫెసిలిటేటర్.

ఫెసిలిటేటర్ చాలా ఉత్సాహవంతుడు. ఉత్సాహం ఉన్నవాళ్లంటే నాకు మొదట్నుంచీ భయం. "ఈ గదిలో హోదాలు లేవు, అందరం సమానమే" అన్నాడు. డైరెక్టర్ గారు తల ఊపారు. ఆయన ఊపాక మిగతావాళ్లం ఊపాం.

తర్వాత ఊలు ఉండ తీశాడు. మా పేరు, మాకిష్టమైన జంతువు పేరు చెప్పి, దారం ఒక చేత్తో పట్టుకుని ఉండని ఇంకొకరికి విసరాలట. ముప్పావుగంటలో పద్నాలుగు మందిమీ సాలెగూట్లో చిక్కిన ఈగల్లా తయారయ్యాం. "చూశారా, ఇదే నెట్‌వర్క్" అన్నాడు. నిజంగానే నెట్‌వర్క్‌లాగే ఉంది: ఎవరూ కదలలేకపోతున్నారు, ఎవరి కొస ఎవరి చేతిలో ఉందో తెలియడం లేదు, పని మొదలే కాలేదు. విప్పుకోవడానికి ఇంకో పావుగంట పట్టింది. ఒకాయన చేతి గడియారం ఆ ఊల్లోనే ఉండిపోయిందని ఇప్పటికీ నా అనుమానం.

అటు తర్వాత రంగురంగుల చీటీలు పంచారు. స్టిక్కీ నోట్స్. "ఇక్కడ చెడ్డ ఐడియా అంటూ ఏదీ లేదు, ఎవరూ ఎవరినీ విమర్శించకూడదు" అన్నది నియమం. మొదటి సగం ఎంత తప్పో నిరూపించడానికి మాకు పది నిమిషాలు చాలింది. ఒకరు "డిజిటల్" అని రాశారు. పక్కాయన అది చూసి "ఇంకా డిజిటల్" అని రాశారు. మరొకరు "కస్టమర్" అని రాసి కింద గుండె బొమ్మ వేశారు. నేను "సమన్వయం" అని రాశాను. సిగ్గుగానే ఉంది, కానీ అబద్ధం చెప్పలేను.

గోడంతా చీటీలయ్యాయి. వాటిని గుంపులు చెయ్యాలట. "డిజిటల్", "ఇంకా డిజిటల్" ఒక గుంపా, రెండు గుంపులా అని నలభై నిమిషాల చర్చ నడిచింది. మాటల మధ్యలో గొంతులు లేచాయి కూడా. చివరికి ఓటింగ్. ఒక్కొక్కరికి మూడేసి చుక్క స్టిక్కర్లు ఇచ్చి, నచ్చిన ఐడియాకి అంటించమన్నారు. పద్నాలుగు మందికీ ఉన్నట్టుండి ఫోన్లలో అర్జెంటు మెసేజులు వచ్చాయి. డైరెక్టర్ గారు లేచి తన మూడు చుక్కలూ "ఇంకా డిజిటల్"కి అంటించాక అందరి ఫోన్లూ ఒకేసారి ఖాళీ అయ్యాయి. నలభై రెండు చుక్కల్లో నలభై ఒకటి అక్కడే పడ్డాయి. మిగిలిన ఒక్కటీ ఎవరి చొక్కాకో అంటుకుపోయింది.

సరిగ్గా అప్పుడే ప్రొజెక్టర్ ఆగిపోయింది.

ఆ బిల్డింగులో ప్రొజెక్టర్‌ని దారికి తేగలిగేది ఒక్కరే. కింద కౌంటర్‌లో దరఖాస్తులు తీసుకునే ఆవిడ. వైరుని ఎటు వంచితే బొమ్మ వస్తుందో ఆవిడకి తెలుసు. పిలిపించారు. వచ్చింది, వంచింది, బొమ్మ వచ్చింది. తెర మీద మా ప్రశ్న పెద్ద అక్షరాల్లో వెలిగింది: దరఖాస్తులు ఎందుకు వెనక్కి వస్తున్నాయి?

ఆవిడ అది చదివి, ఎవరో దారి అడిగితే చెప్పినంత మామూలుగా చెప్పింది. "పుట్టినతేదీకి ఆరే గళ్లు కదా సార్ ఉన్నాయి. జనం సంవత్సరం మొత్తం రాస్తారు. ఎనిమిది అంకెలవుతాయి. రెండు గడి బయట పడతాయి, మెషిన్ తీసుకోదు."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఒక్క క్షణం పాము కనబడింది, కర్ర కూడా కనబడింది.

ఫెసిలిటేటర్ తేరుకున్నాడు. "థాంక్యూ మేడమ్, వెరీ గుడ్ ఇన్‌పుట్! దీన్ని పార్కింగ్ లాట్‌లో పెడదాం" అన్నాడు. పార్కింగ్ లాట్ అంటే బోర్డు మీద కుడివైపు కింది మూల. అసలు అజెండాకి అడ్డొచ్చే ఆలోచనల్ని మర్యాదగా నిలిపి ఉంచే చోటు. అక్కడ నిలిపిన బండి మళ్లీ రోడ్డెక్కిన దాఖలా నా ఎరికలో లేదు. ఆవిడ సరే సార్ అని, మా మేధోమథనానికి చప్పుడు తగలకుండా తలుపు మెల్లగా వేసి వెళ్లిపోయింది. నేనూ నోరు మెదపలేదు. ఆ సంగతి రాయకుండా మిగతాదంతా రాస్తే ఈ వ్యాసం కూడా ఒక స్టిక్కీ నోటే అవుతుంది.

ఈ కార్యక్రమానికి మూలపురుషుడు అలెక్స్ ఆస్‌బోర్న్ అనే అమెరికన్ ప్రకటనల కంపెనీ పెద్దమనిషి. బ్రెయిన్‌స్టార్మింగ్ అనే మాటని ఊరూరా తిప్పింది ఆయనే. 1953లో దాని మీద పెద్ద పుస్తకమే వేశాడు. విమర్శ వద్దు, ఐడియాలు ఎన్నొస్తే అంత మంచిది, పిచ్చివైనా పర్లేదు, ఒకరి మీద ఒకరు అల్లుకుపోండి అన్నాడు. వినడానికి బాగానే ఉంది. ఐదేళ్లకి, 1958లో, యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని పరీక్షించారు. నలుగుర్ని కలిపి కూర్చోబెట్టి కొన్ని ఐడియాలు రాబట్టారు. ఇంకో నలుగుర్ని ఎవరి గదిలో వాళ్లని ఒంటరిగా ఆలోచించమని, ఒకేలాంటివి తీసేసి మిగతావి కలిపి లెక్కేశారు. ఒంటరివాళ్ల లెక్క దాదాపు రెట్టింపు తేలింది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వంతు కోసం ఆగాలి, ఆగేలోపు తట్టింది మర్చిపోతారు అని తర్వాత వచ్చిన పరిశోధకులు కారణం చెప్పారు. ఆ 1958 నుంచి ఇప్పటిదాకా ప్రపంచంలో బ్రెయిన్‌స్టార్మింగ్ ఎంత తగ్గిందో మీకు తెలుసు.

అట్లని ఒంటరిగా గుహలో కూర్చుంటే కొత్తది పుడుతుందా అంటే అదీ లేదు. మేం గోడకి అంటించిన చీటీనే చూడండి. 1968లో స్పెన్సర్ సిల్వర్ అనే రసాయన శాస్త్రవేత్త 3ఎం కంపెనీలో గట్టి జిగురు చెయ్యబోతే, అంటుకున్నట్టే ఉండి తేలిగ్గా ఊడొచ్చే జిగురు తయారైంది. దాంతో ఏం చెయ్యాలో ఆయనకీ తెలియదు. ఏళ్ల తరబడి కంపెనీలో కనబడ్డవాళ్లందరికీ దాని గురించి చెబుతూ తిరిగాడు. ఇంకో విభాగంలో పనిచేసే ఆర్ట్ ఫ్రై చర్చిలో పాడేవాడు. పాటల పుస్తకంలో గుర్తుకి పెట్టుకున్న కాగితం ముక్కలు జారి పడిపోతుండేవి. 1974లో ఒకరోజు అక్కడే ఆయనకి ఆ పనికిరాని జిగురు గుర్తొచ్చింది. అమెరికా అంతటా ఆ జిగురు చీటీ బజారులోకి వచ్చింది 1980లో. పసుపు రంగు ఎందుకంటే పక్క ల్యాబులో మిగిలిన కాగితం ఆ రంగుది.

అంటే, జిగురు తెలిసినవాడికి తన జిగురు ఎందుకు పనికొస్తుందో తెలియదు, పాట తెలిసినవాడికి తన కాగితం నిలవదని తెలుసు. మధ్యలో ఆరేళ్లు గడిచాయి, జిగురాయన కబుర్లు మాత్రం ఆగలేదు. ఊలు ఉండ లేదు, చుక్కల ఓటింగ్ లేదు. ఉండి ఉంటే 1968లోనే ఆ జిగురు పార్కింగ్ లాట్‌కి వెళ్లేది. ఇద్దరు వేర్వేరు మనుషుల నిజమైన సహకారంతో పుట్టిన వస్తువు మీద "ఇంకా డిజిటల్" అని రాసి గోడకి కొట్టాం మేము.

"విమర్శ వద్దు" అన్న నియమం సంగతి కూడా చూద్దాం. 1953 మొదట్లో కేంబ్రిడ్జ్‌లో వాట్సన్, క్రిక్ డీఎన్ఏ నమూనా కట్టడానికి తంటాలు పడుతున్నారు. ఒకాయన పక్షుల చదువు నుంచి వచ్చినవాడు, ఇంకొకాయన భౌతిక శాస్త్రం నుంచి వచ్చినవాడు. నిచ్చెనలాంటి ఆ నమూనాలో మెట్లు ఎలా పేర్చినా కుదరడం లేదు. అదే గదిలో జెర్రీ డోనహ్యూ అనే రసాయన శాస్త్రవేత్తకీ ఒక బల్ల ఉంది. వాట్సన్ పాఠ్యపుస్తకంలోంచి దించుకున్న బొమ్మలు చూసి, ఆ పుస్తకంలో ఉన్నదే తప్పు, హైడ్రోజన్ అక్కడ ఉండదు అన్నాడు. "వెరీ గుడ్ ఇన్‌పుట్" అనలేదు, "నీ ఐడియాని గౌరవిస్తూనే" అని మొదలుపెట్టలేదు. తప్పు అన్నాడు. దాంతో అట్టముక్కలు మళ్లీ కత్తిరించి పేరిస్తే జతలు కుదిరాయి. పక్కన బల్ల వేసుకున్న వేరే చదువువాడు ముఖం మీదే తప్పని చెప్పడం, ఇవతలివాడు వినడం: సహకారమంటే ఎక్కువసార్లు ఇంతే, చూడ్డానికి ఏమీ అందంగా ఉండదు, ఫోటోకి పనికిరాదు.

ఇందులో ఇంకో సహకారం కూడా ఉంది లెండి, మన ఆఫీసుల్లో బాగా తెలిసిన రకం. అదే డీఎన్ఏ మీద లండన్‌లో పనిచేస్తున్న రోజలిండ్ ఫ్రాంక్లిన్ ల్యాబులో తీసిన ఎక్స్‌రే ఫోటోని ఆమెకి చెప్పకుండానే వాట్సన్‌కి చూపించారు. ఆమె 1958లో చనిపోయింది. 1962లో నోబెల్ ముగ్గురు మగవాళ్లకి వచ్చింది. టీమ్‌వర్క్ అన్నమాట.

లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి కథ నాకు ఇంకా ఇష్టం. గుండె ఆపరేషన్ అయిన పసిబిడ్డని థియేటర్ నుంచి ఐసీయూకి మార్చే ఆ కొద్ది నిమిషాల్లో గందరగోళం ఎక్కువగా ఉండేది. వైర్లు, గొట్టాలు, మానిటర్లు, అందరూ ఒకేసారి మాట్లాడటం. ఇద్దరు డాక్టర్లు అలసిపోయి టీవీ ముందు కూలబడ్డప్పుడు ఫార్ములా వన్ రేసు వస్తోంది. కారు ఆగింది, గుంపుగా మనుషులు వచ్చి చక్రాలు మార్చారు, కొద్ది క్షణాల్లో కారు వెళ్లిపోయింది. డాక్టర్లు ఆ కార్లవాళ్లని పిలిచారు. ఫెరారీ జట్టువాళ్లకి గుండె గురించి ఏమీ తెలియదు. కానీ చేతులు ఎక్కువ, టైము తక్కువ అయినప్పుడు ఎవరు ఏ పని, ఏ వరుసలో చెయ్యాలి, అందరి మీదా కన్నేసి ఉంచేది ఎవరు అన్నది వాళ్లకి తెలిసినంతగా డాక్టర్లకి తెలియదు. ఆ పద్ధతి తెచ్చుకున్నాక పొరపాట్లూ తగ్గాయి, చెప్పడం మర్చిపోయే విషయాలూ తగ్గాయి. 2007లో ఆ ఫలితాలు వైద్య పత్రికలో వచ్చాయి. ఆ ఇద్దరు డాక్టర్లు చేసిన గొప్ప పని ఏమిటంటే, చక్రాలు మార్చేవాడి దగ్గర తమకి లేని తెలివి ఉందని ఒప్పుకోవడం. మా పద్నాలుగు మందికి ఒక ఫారం గడి విషయంలో కౌంటర్ మనిషి దగ్గర ఆ మాట ఒప్పుకోవడం చేతకాలేదు.

మళ్లీ మా హాల్లోకి రండి. మధ్యాహ్నం రంగు టోపీలు పంచారు, అట్టవి. ఒక్కో రంగుకి ఒక్కో రకంగా ఆలోచించాలట. టోపీ పెట్టడానికి మన భాషలో ఉన్న అర్థం ఫెసిలిటేటర్‌కి తెలియదో, బాగా తెలిసే చేశాడో చెప్పలేను. డైరెక్టర్ గారి టోపీ ఆయన తలకి పట్టలేదు. రెండు టోపీలు కలిపి పిన్ను కొట్టారు. ఆయన అది పెట్టుకుని భవిష్యత్తు గురించి మాట్లాడుతుంటే మేమంతా మా మా రంగుల్లో ఆలోచించాం.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. టోపీ దగ్గరికొచ్చేసరికి నవ్వు రావడం లేదు. ఎందుకంటే నాకు ఇంకో టోపీ గుర్తొస్తుంది.

1986 జనవరి 27 రాత్రి. మర్నాడు ఉదయం అమెరికా వాళ్ల అంతరిక్ష నౌక ఛాలెంజర్ ఎగరాలి. చలి గడ్డకట్టేలా ఉంది. రాకెట్ అతుకుల్లో ఉండే రబ్బరు రింగుల సంగతి తెలిసిన, ఆ రాకెట్ చేసిన కంపెనీ ఇంజినీర్లు నాసాతో ఫోన్ మీటింగ్‌లో ఉన్నారు. ఈ చలిలో వద్దు, సుమారు 12 డిగ్రీల కంటే తక్కువుంటే ఎగరేయొద్దు అన్నారు. వాళ్లలో రోజర్ బోజొలే అనే ఇంజినీరు అంతకు ఆరు నెలల ముందే, 1985 జులైలో, ప్రాణాలు పోతాయని పై అధికారులకి రాసి ఇచ్చాడు. ఆ రాత్రి ఫోటోలు బల్ల మీద పరిచి మరీ చూపించాడు. నాసా వాళ్లకి ఆ మాట నచ్చలేదు. ఐదు నిమిషాలు టైమివ్వండి అని కంపెనీ వాళ్లు ఫోన్ పక్కన పెట్టారు, అరగంట మాట్లాడుకున్నారు. అప్పుడు ఒక పెద్ద మేనేజరు, ఇంజినీరింగ్ విభాగం అధిపతితో ఒక మాట అన్నాడు: నీ ఇంజినీరు టోపీ తీసేసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకో. నలుగురు మేనేజర్లు నిర్ణయం తీసుకున్నారు. రబ్బరు సంగతి తెలిసినవాళ్లు అదే గదిలో ఉన్నారు, ఓటు అడగలేదు. మర్నాడు ఎగిరిన 73వ సెకనులో ఛాలెంజర్ ముక్కలైంది, ఏడుగురు పోయారు. అందులో ఒకరు స్కూలు టీచరు.

దీన్ని కమ్యూనికేషన్ గ్యాప్ అని వర్క్‌షాపుల్లో చెబుతారు. గ్యాప్ ఏమిటండీ? ఎక్కడుంది గ్యాప్? వాళ్లు చెప్పారు. రాసి చెప్పారు, ఫోటో పెట్టి చెప్పారు, గొంతు చించుకుని చెప్పారు. మూడు చోట్ల జనం లైన్లో ఉన్నారు, అన్ని రకాల తెలివితేటలూ ఆ ఫోన్లో ఉన్నాయి, ఆ బ్యానర్ మీద రాసినదంతా అక్కడ ఉంది. లేనిదల్లా తెలిసినవాడి మాట చెల్లడం. తర్వాత విచారణలో ఫైన్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త రబ్బరు ముక్కని ఐసు నీళ్ల గ్లాసులో ముంచి తీసి, చలికి ఇది వెంటనే పాత ఆకారానికి రాదు చూడండి అంటే ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. కొట్టాల్సిందే. కానీ ఆయన చూపించిన సంగతే రెండు వారాల ముందు ఆ రాత్రి ఇంజినీర్లు చెప్పారు. అప్పుడు ఎవరి చేతులూ ఖాళీగా లేవు. పైవాడి ముఖం ఎటు తిరిగితే అటు చుక్కలు అంటించడంలో ఉన్నాయి. అంటించినవాళ్లు రాక్షసులేం కాదు, నాలాంటివాళ్లే. అందుకే ఒళ్లు మండుతుంది.

పుట్టినతేదీ గడికి ఎవరూ చావరు, నాకు తెలుసు. కానీ దరఖాస్తు మూడోసారి వెనక్కొచ్చిన మనిషి కౌంటర్ ముందు నిలబడి ఉంటాడు. అతనికి సమాధానం చెప్పేది డైరెక్టర్ గారు కాదు, ఫెసిలిటేటర్ కాదు, తలుపు మెల్లగా వేసి వెళ్లిన ఆవిడ.

సాయంత్రం గ్రూప్ ఫోటో అయింది. అందరం గాల్లోకి ఎగరాలట. డైరెక్టర్ గారు ఎగరలేదు కాబట్టి ఎవరూ పెద్దగా ఎగరలేదు. ఒక ఇన్నోవేషన్ సెల్ వేశారు. దానికి సభ్యులు మళ్లీ ఆ పద్నాలుగు మందే. వెళ్తూ వెళ్తూ చూస్తే గది ఊడ్చే కుర్రాడు గోడ మీది చీటీలు ఒక్కొక్కటే పీకుతున్నాడు. "సార్, ఇవి దాచాలా, పారేయాలా?" అని అడిగాడు. ఆ రోజు ఆ గదిలో విన్న ప్రశ్నల్లో ఇదొక్కటే నన్ను నిజంగా ఆలోచింపజేసింది. నేను "సమన్వయం" ఒక్కటి తీసుకుని జేబులో పెట్టుకుని, మిగతావి నీ ఇష్టం అన్నాను.

పోయిన వారం పని మీద అటు వెళ్లాను. ఇన్నోవేషన్ సెల్ పుణ్యమా అని కొత్త దరఖాస్తు ఫారం వచ్చింది. కాగితం నున్నగా ఉంది, పైన లోగో ఉంది, మూలన స్కాన్ చేసే కోడ్ ఉంది. కౌంటర్ ఆవిడ నన్ను గుర్తుపట్టి ఒక కాపీ ఇచ్చింది. పుట్టినతేదీ దగ్గర గళ్లు లెక్కపెట్టాను. లెక్కపెడుతుంటే ఆవిడే చెప్పింది.

"ఆరే సార్. ఇప్పుడు నీలం రంగు వేశారు."